మెతుకుల సారు

పోయిన నెల బీపీ చూపించుకోను పట్నంల ఒక పెద్ద దవాఖానకు పోయిన. కుర్చీల కూసున్న పిల్ల కంప్యూటరు దిక్కు చూసుకుంటనే అడిగింది, "తాతా, ఉప్పు తక్కువ తింటవా, మామూలుగనా, ఎక్కువనా?" అని. నేను నోరు తెరిచేలోపల్నే "మామూలు" అని టిక్కు కొట్టింది. ఎట్ల తెలిసింది ఆమెకు? నా మొఖం మీద రాసి ఉన్నదా? పోయేటప్పుడు చేతిల రంగుల కాగితం ఒకటి పెట్టింది. అండ్ల ఓట్సు తినుమని ఉన్నది. ఆలివ్ నూనె వాడుమని ఉన్నది. పేరు పలకరాని చేప ఒకటి ఉన్నది. జొన్నరొట్టె లేదు, గట్క లేదు, పచ్చిపులుసు లేదు. ఎనభై ఏడేండ్ల సంది నేను తిన్నది ఒక్కటి గూడ ఆ కాగితం మీద లేదు. అంటే ఇన్నేండ్లు నేనేం తినకుండనే బతికిన్నా?

కోపంతోనే బస్సెక్కిన. బస్సు కట్టంగూరు దాటుతుంటే మాత్రం, ఏమాయెనో, ఒక్కన్నే నవ్వుకున్న. పక్కన కూసున్నాయన నాకు పిచ్చిలేసిందనుకొని జర దూరం జరిగిండు. ఆ కట్టంగూరు దిక్కు మనిషి ఒకాయన యాదికొచ్చిండు.

ఆయన పేరు చెప్ప. చెప్పినా లాభం లేదు, మేమెవ్వరం ఆ పేరుతోని పిలువలె. నందికొండ కాడ కృష్ణ మీద సాగర్ కట్ట కడుతున్న రోజులల్ల, మా గుడిసెలకు దగ్గర ఉన్న చిన్న దవాఖానల కాంపౌండరు. ఎదురుంగ "కాంపౌండరు సారు", ఎనుకకు తిరిగితే, తిన్న మెతుకులు లెక్కపెడతడని "మెతుకుల సారు". నలభై దాటిన బొద్దు మనిషి. చెవి మీద పెన్సిలు, చంకల పొడుగు నోటుబుక్కు, కింద బ్రేకులు లేని సైకిలు. సైకిలు ఆపాల్నంటే రెండు కాళ్ళు నేలకు రాసుకుంట వచ్చేటోడు. దూరంగ దుమ్ము లేస్తే చాలు, ఆడోళ్ళు "ఉప్పుకుండ దాసుండ్రి, మెతుకుల సారు వస్తాండు" అని నవ్వేటోళ్ళు.

అప్పట్ల మాకు బీపీ అంటే ఎవరికెరుక? రగతంపోటు అనేటోళ్ళు. ఒంట్లె రగతం ఎక్కువయిందంటే బలమే గదా, దానికి మందెందుకు అనుకునేటోళ్ళం. డాక్టరు కొత్తగ వచ్చిన పడుచాయన. మంచోడే, గని మా తిండి ఎరుగడు. పైనుంచి వచ్చిన అచ్చు కాగితాల కట్ట కాంపౌండరు చేతికిచ్చి, రగతంపోటు ఉన్నోళ్ళు ఏమేం తింటున్నరో ఇంటింటికి తిరిగి రాసుకరమ్మన్నడు. ఆ కాగితంల గళ్ళున్నయి. పాలు, గుడ్లు, బ్రెడ్డు, పండ్లు, మాంసం. రాళ్ళు మోసేటోని గుడిసెల బ్రెడ్డెక్కడిది? మొదటి వారం సారు ఆ గళ్ళే నింపిండట. అన్నిట్ల సున్నలే. "ఈ లెక్కన గీ మనుషులంత సచ్చి ఆరునెల్లయి ఉండాలె" అనుకున్నడట. కాగితం తిరగేసి, ఎనుక తెల్లదిక్కు పెన్సిలుతోని తన సొంత గళ్ళు గీసుకున్నడు. నాకాయన మీద గౌరవం పుట్టింది గందుకే. అచ్చయిన కాగితం గూడ తప్పు కావచ్చునని అనుకునే సర్కారు మనుషులను నేను నా జన్మల ఇద్దర్నో ముగ్గుర్నో చూసిన.

ఆయన అడిగే తీరే వేరు. "ఏం తింటవు" అని అడగడు.

"నిన్న లేవంగనే నోట్లె మొదాలేం పడ్డది?"

"యాపపుల్ల సారు."

"దాని ఎనుక?"

"అంబలి."

"నంజుకోను?"

"మిరపకాయ."

"ఒట్టిదేనా?"

"ఒట్టిదెట్ల తింటరు సారు, ఉప్పుల అద్దుకుంటం."

"ఎన్నిమాట్లు అద్దుకున్నవు?"

అప్పుడా మనిషి కండ్లు మూసుకొని, లేని మిరపకాయను చేతిల పట్టుకొని, లేని ఉప్పుల అద్దుకుంట, నోరు ఆడించుకుంట లెక్కపెట్టేది. చుట్టు నిలబడ్డోళ్ళు పొట్టలు పట్టుకొని నవ్వేటోళ్ళు. సారు మాత్రం నవ్వడు. పెన్సిలు తీసి రాసుకుంటడు.

ఆడోళ్ళను ఉప్పెంతేస్తవని అడుగుడు దండుగ అనేటోడు. "పొయ్యి మీద కుండ ఉడుకుతాందనుకో అక్కా. నీ చెయ్యేం చేస్తదో చెయ్యనియ్యి" అంటడు. ఆమె మాట్లాడుకుంటనే ఉప్పుకుండల చెయ్యి పెట్టి, వేళ్ళు దగ్గరికి ముడిచి తీస్తది. సారు ఆ చేతి కింద ఖాళీ అగ్గిపెట్టె పడతడు. పావు పెట్టె, సగం పెట్టె అని రాసుకొని, ఆ ఉప్పు మళ్ళ ఆమె కుండలనే పోస్తడు. ఒక్క గల్లు కింద పడనియ్యడు.

మా వరుసల ఒక ముసలాయన ఉండె. ఉప్పు ముడితే ఒట్టు అనేటోడు. సారు ఆయన గుడిసెల కూసొని మీదికి చూసిండు. చూరుకు ఎండుచేపల దండ ఏలాడుతాంది.

"మామా, గవేంది?"

"ఎండుచేపలు."

"ఎవరు తింటరు?"

"నేనే. గని గది తినుడు కాదు సారు. గది కల్లుకు తోడు."

ఆనాడు సైకిలు నడిపించుకుంట పోతూ సారు నాతోని అన్నడు. "మనిషి తిన్నది మరువడు తమ్మీ. తినుడు కింద లెక్కపెట్టడు, గంతే." ఈ ఒక్క మాట ఎరుక లేకనే ఇయ్యాల గోడలకు సర్టిఫికెట్లు బిగించుకున్నోళ్ళు గూడ "మామూలు" అని టిక్కు కొట్టి పంపుతాండ్రు. పేషెంటు అబద్ధమాడుతడంటరు. ఏ అబద్ధమూ ఆడడు. నువ్వు అడగలే.

ఇగ మా బాపు ముచ్చట.

మాది మొదాలు కోస్గి దిక్కు. రెండేండ్లు వరుసగ వానలు పడకపోతే, మా ఊరి సుట్టుపక్కల నుంచి ఇరువై మందిని ఎంబడేసుకొని బాపు కట్టపనికి వచ్చిండు. ఆయన మేస్త్రి. రాయిని అరచేతితోని తట్టి, చెవి దగ్గర పెట్టి ఇని, ఇది గోడల కూసుంటది, ఇది కూసోదు అని చెప్పేటోడు. నాకప్పుడు ఇరువై నాలుగేండ్లు, ఆ గుంపులనే సుత్తె పట్టిన. నేను బడికి పోలె. సిమెంటు సంచుల మీది అచ్చు చూసి అక్షరాలు పట్టినోణ్ణి. ఇంట్ల ముగ్గురం: బాపు, అమ్మ, నేను.

ఒకనాడు బాపు పైన గోడ మీద నిలబడి తూలిండు. పక్కోళ్ళిద్దరు పట్టుకోబట్టి దక్కిండు. దవాఖానకు తీసుకపోతె డాక్టరు చేతికి పట్టీ కట్టి, పాదరసం దిక్కు చూసి పెదవి ఇరిసిండు.

"గోళీలిస్త. ఉప్పు పూర్తిగ బంద్. నెల దినాలు చూస్త. దిగిందా సరే. దిగలేదంటే పైకి ఎక్కనిచ్చేది లేదు, ఊరికి పోవాలె."

"కింద పనన్న ఇయ్యిండ్రి సారు" అని నేనన్న.

బాపు నా దిక్కు చూసిన చూపు ఇప్పటికి మరువలె. తాను పెట్టిన వరుస మీద ఇంకొకడు రాయి పెడతాంటే కింద కూసొని చూసే మనిషి కాదు. ఊర్ల ఉన్నది ఎండిన చేను. ఆయన దిగిపోతే ఆ ఇరువై మంది గతేందో గూడ ఎవరికెరుక లేదు. నెల దినాలల్ల పాదరసం దిగాలె, లేకుంటె మూటలు కట్టాలె.

అమ్మ ఆ పొద్దే ఉప్పు బంద్ చేసింది. "రెండు కుండలు నేను వండ" అని నాకు గూడ చప్పిడే పెట్టింది, తానూ గదే తిన్నది. పదిరోజులకు మళ్ళ చూపిస్తే పాదరసం ఒక్క గీత దిగలె. డాక్టరు అమ్మ దిక్కు తిరిగి, "ఏమమ్మా, దొంగతనంగ ఉప్పేస్తున్నవా? మొగుడు బతుకుడు నీకిష్టం లేదా?" అన్నడు. అమ్మ ఆ మాట పడి ఇంటికొచ్చింది. పొయ్యి ముందట కూసున్నది. గుడిసెల వరుసంత అదే ముచ్చట. "ఏస్తనే ఉండొచ్చు. మొగడు చప్పిడి మింగలేక మింగుతాంటె ఏ ఆడిదాని చెయ్యి ఊకుంటది?" అని గుసగుసలు.

మూడో దినం సైకిలు దుమ్ము లేపుకుంట మా వాకిట్లకు వచ్చింది.

"అక్కా, ఆకలయితాంది. ఇంత పెట్టు."

"నా కుండ చూసి రమ్మని డాక్టరు పంపిండా?" అన్నది అమ్మ.

"పంపిండు. గని చూస్తే ఏం తెలుస్తది? నేను తింట."

అమ్మ గట్క పెట్టి చిక్కుడుకాయ కూర పోసింది. సారు తిన్నడు. నమిలిండు, మింగిండు, చెంబెడు నీళ్ళు తాగిండు.

"అక్కా, ఉప్పు లేని కూరలు నేను శాన తిన్న. గని గీ కూర ఉప్పు అనే మాటనే ఎన్నడు ఇన్నట్టు లేదు."

అమ్మ మొదాలు బిత్తరపోయింది. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. భుజాలు కదులుతాంటె ఏడుస్తాందనుకున్న, నవ్వుతాంది. ఉప్పు బందయినంక అదే మొదటి నవ్వు. సారు చెయ్యి కడుక్కోకుండనే వాకిట్లకు పోయి, వరుసంత ఇనపడేటట్టు ఒర్రిండు. "ఇనుండ్రి! గీ ఇంట్ల ఉప్పు లేదు. అనుమానమున్నోళ్ళు వచ్చి ఒక ముద్ద తినుండ్రి. తినంగ మిగిలితే గప్పుడు మాట్లాడుండ్రి!"

ఎవ్వరు రాలె.

మరి ఉప్పెక్కడికెళ్ళి వస్తాంది? మాపటికి బాపును ముందట కూసోబెట్టుకొని అడిగిండు. పొద్దుగాల అంబలి, చప్పిడిది. పగటికి మూటల రొట్టె, చప్పిడి కూర. మాపటికి గదే. నడుమల నీళ్ళు. మల్లన్న మీద ఒట్టు పెట్టిండు బాపు. మా బాపు అబద్ధమాడే మనిషి కాదు. ఆనాడు గూడ ఆడలె.

తెల్లారి పగటాల, మేం సద్దిమూటలు ఇప్పే యాళ్ళకు సారు పని జాగకు వచ్చిండు. మా గుంపుల ఒక పద్ధతి ఉండె. మూటలు ఇప్పంగనే ఎవరు ముద్ద ముట్టరు. ఒక్కొక్కరు తన తొక్కు పచ్చడిలకెళ్ళి ఇంత తీసి మొదాలు మేస్త్రి రొట్టె మీద పెట్టాలె. అది మేస్త్రి వంతు. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు, పుంటికూర తొక్కు, పండుమిర్ప తొక్కు. ఇరువై మంది పెట్టేసరికి కింద రొట్టె ఉన్నదో లేదో కనపడదు. మేస్త్రి అందరిది ఇంతింత నంజుకున్నంకనే మిగిలినోళ్ళ చేతులు లేస్తయి. ఎవని తొక్కన్న ముట్టలేదనుకో, ఆ పొద్దు వాని చెయ్యి ఆడదు. నా రాయిల ఏం తప్పు దొరికిందో అని మాటిమాటికి చూసుకుంటడు. నేను రోజు పక్కనే కూసొని ఇదంత చూస్తనే ఉన్న. ఒక్కనాడు గూడ నాకు తట్టలె. మాకది మర్యాద. మర్యాదల ఉప్పుంటదని ఎవరనుకుంటరు?

సారు ఆ రొట్టె దిక్కు చూసి నిలబడిపోయిండు.

"మేస్త్రీ, గిదేంది?"

"ఏది సారు?"

"రొట్టె మీద."

"గదా? మనోళ్ళు పెట్టిండ్రు."

"మరి నిన్న చెప్పలేదేంది?"

"నువ్వు తిన్నది అడిగినవు. నేనేడ తింటున్న? ముడుతున్న, గంతే."

సారు జేబులకెళ్ళి అగ్గిపెట్టె తీసిండు. రొట్టెను చూసిండు, అగ్గిపెట్టెను చూసిండు, మళ్ళ జేబుల పెట్టుకున్నడు. అది సాలదు.

బాపును పక్కకు పిలిచి, రేపటి నుంచి వద్దని చెప్పుమన్నడు. బాపు తల అడ్డం ఊపిండు. "ఇరువై మంది చెయ్యి నేను ఎట్ల తోసేస్త సారు? మేస్త్రికి మన మీద కోపమొచ్చిందనుకుంటరు. నా మాట మీద రాయి పైకి పోతాంది. గా మాట పోయినంక నేను పైన ఉంటె ఏంది, కింద ఉంటె ఏంది?"

ఇంకొకడైతే ఏం చేస్తుండె? డాక్టరుకు చెప్పి హుకుం రాయిస్తుండె. మేస్త్రికి తొక్కు పెట్టినోని పని బంద్ అని బోర్డు కడుతుండె. సారు సైకిలెక్కి పోయిండు. తెల్లారి పగటాలకు మళ్ళ వచ్చి, బాపు కుడిపక్కన కాళ్ళు ముడుచుకొని కూసున్నడు.

"మేస్త్రీ, మీ దిక్కు ఇంటికి సుట్టమొస్తె మొదాలు ఎవరికి పెడతరు?"

"సుట్టానికే."

"నేను సుట్టాన్ని."

ఇరువై మంది ఒకల మొఖాలు ఒకలు చూసుకున్నరు. మేస్త్రి తల ఊపిండు. ఇరువై తొక్కులు సారు రొట్టె మీదికి పోయినయి. ఒక్కొక్కటి ముట్టుడు గాదు, సారు సాంతం ఊడ్చుకొని తిన్నడు. మా పాలమూరు కారమంటె మాటలా? చెవులు ఎర్రగయినయి, కండ్లల్ల నీళ్ళు కారినయి, ముక్కు తుడుసుకుంట "బాగున్నది, గిదెవరిది? ఇంకింత ఉన్నదా?" అన్నడు. తెల్లారి వచ్చిండు. ఆ తెల్లారి వచ్చిండు. సర్కారు మనిషి మా మూటల కూడు తింటున్నడని మా గుంపు ఉబ్బిపోయింది. ఆడోళ్ళు పంతం పట్టి తొక్కులు నూరుడు మొదలుపెట్టిండ్రు. పన్నెండు రోజులు మా నడుమ కూసొని, నవ్వించుకుంట, చెమటలు కక్కుకుంట ఆ తొక్కులన్ని ఆయనే తిన్నడు. బాపు పక్కన తన చప్పిడి రొట్టె తాను తిన్నడు.

పదమూడో దినం సారు సైకిలెక్కకుండ నడిచి వచ్చిండు. తల పట్టుకొని కూసున్నడు.

"ఏమాయె సారు?" అన్నది సున్నం గంపలు మోసే వదినె. మా గుంపుల నోరుగల్లామె అంటే ఆమెనే.

"పొద్దుగాల తల తిరిగితె డాక్టరు నా చేతికి గూడ పట్టీ కట్టి చూసిండు వదినే. మొన్నటి మీ మేస్త్రి లెక్కనే ఉన్న నేను." చెప్పి, ఆయనే పెద్దగ నవ్విండు. ఎవ్వరు నవ్వలె. తొక్కు పట్టుకున్న చేతులు ఎక్కడియక్కడ ఆగిపోయినయి.

వదినె గంప దించింది. నడుముల మీద చేతులు పెట్టుకున్నది.

"అంటే పన్నెండు దినాలు తింటెనే నీకు గిట్లయితె, ఏండ్ల సంది తింటున్న మేస్త్రికి ఏమయితాందో మా బుర్రకెందుకు ఎక్కలె సారు?"

"నేను మాత్రం ఏమంటున్న? మీ తొక్కులు బాగున్నయి."

"నీ బాగు మన్నుబడ! ముందుగాల్నే నోరు తెరిచి చెప్పరాదా?"

"చెప్తె మీరు పెట్టుడు బంద్ చేస్తరు. మేస్త్రి వంతు ఎట్ల బంద్ చేస్తం?"

వదినె మా దిక్కు తిరిగింది. "వంతెందుకు బంద్ అయితది? వంతుంటది. అండ్ల తొక్కే పెట్టాల్నని ఎవడు రాసిచ్చిండు?"

తెల్లారి బాపు రొట్టె మీద ఉల్లిగడ్డ ముక్కలు పడ్డయి. దోసకాయ ముక్కలు పడ్డయి. ఒకడు జామకాయ కోసి పెట్టిండు, ఒకామె ఉడకబెట్టిన పల్లికాయ పెట్టింది. వదినె గుట్టల పండిన సీతాఫలం, గిన్నెంతది, తెచ్చి రొట్టె నడుమల నిలబెట్టింది. బాపు అన్నిట్ల ఇంతింత ముట్టిండు. ఎవ్వరి మనసు ఇరగలె. గుంపు తలకాయెత్తి ముద్ద పెట్టుకున్నది.

నెల నిండిన దినం దవాఖానకు పోయినం. అమ్మ లోపలికి రానన్నది. ఆనాటి మాట ఇంకా గుచ్చుకుంటాంది. బయట అరుగు మీద మూట ఒడిల పెట్టుకొని కూసున్నది. డాక్టరు బాపు చేతికి పట్టీ కట్టిండు, ఇప్పిండు, మళ్ళ కట్టిండు. బాపు గోడ దిక్కు చూస్తాండు. నేను పాదరసం దిక్కు చూడలేక సారు మొఖం చూస్తున్న. ఆ మొఖం మెల్లగ పొంగే గారె లెక్క విచ్చుకున్నది.

"దిగింది" అన్నడు డాక్టరు. "ఏం చేసిండ్రు?"

సారు తన కాగితం ముందట పెట్టిండు, అచ్చుదిక్కు కిందికి, పెన్సిలుదిక్కు మీదికి. డాక్టరు శానసేపు చదివిండు. మేస్త్రి వంతు, ఇరువై తొక్కులు, సుట్టం, అన్ని అండ్ల ఉన్నయి. ఆఖరు వరుసల సారు తన తిండి గూడ తానే రాసుకున్నడు. అది చూసి డాక్టరు నవ్వుదామనుకున్నడు గని నవ్వలె. లేచి, కుర్చీ పక్కకు జరిపి, గడప దాటి అరుగు కాడికి పోయిండు.

"అమ్మా, ఆనాడు నేను తప్పు మాటన్న. మీ ఇంట్ల ఉప్పు లేదు."

అమ్మ లేచి నిలబడ్డది. కొంగు సర్దుకున్నది. బాపు ఎనుకనే వచ్చి, "పైకి ఎక్కొచ్చునా సారు?" అని అడిగిండు, చిన్నపిల్లగాని లెక్క. "ఎక్కు" అన్నడు డాక్టరు.

బాపు అమ్మ పక్కన అరుగు మీద కూలబడ్డడు. "పొద్దటి సంది భయానికి ఏం గొంతు దిగలేదే. ఆకలయితాంది."

"చప్పిడిదే ఉన్నది" అన్నది అమ్మ.

"గదే పెట్టు."

ఎనుకకెళ్ళి కాంపౌండరు సారు వచ్చి రెండో దిక్కు కూసున్నడు. "నాక్కూడ గదే పెట్టు అక్కా. నేను గూడ ఇగ మీ జట్టే."

అమ్మ మూట ఇప్పింది. ఆ పూట కూరల ఉప్పు గల్లు ఒక్కటి గూడ లేదు. ఇద్దరు రెండోమారు అడిగి పెట్టించుకున్నరు.